మొక్కజొన్న చేల పక్కన కోలాటం

ఎనభైల మొదట్లో ఒక వేసవి. ఒహాయోలో మా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళం కొందరం పెన్సిల్వేనియాలో కొండమీద ఉన్న గుడికి నడిచి వెళదామనుకున్నాం. నాకప్పుడు ఐదో నెల. అంత దూరం నడవొద్దని డాక్టర్ చెప్పడంతో స్టేషన్ వ్యాగన్ డ్రైవ్ చేసే పని నాకు వచ్చింది. బియ్యం, కుక్కర్, దుప్పట్లు వేసుకుని రోజూ ముందే ఆ రాత్రికి దిగే క్యాంప్‌గ్రౌండ్‌కి వెళ్ళి వంట మొదలుపెట్టేదాన్ని. పొద్దువాలుతుంటే మొక్కజొన్న చేల మధ్య రోడ్డు మీదుగా ముందు వాళ్ళ మాటలు వచ్చేవి, తర్వాత వాళ్ళు. మావారు ఎప్పుడూ చివర్న, ఎవరి సంచో మోసుకుంటూ.

రాగానే ఉప్పు వేసిన వేడినీళ్ళ టబ్బుల్లో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవారు. పార్టీల్లో హలోతో సరిపెట్టుకునేవాళ్ళు కూడా, ఒకే టబ్బులో కాళ్ళు పెట్టాక చిన్ననాటి ముచ్చట్లలోకి వెళ్ళిపోయేవారు.

గుడి ఇంకొక్క రోజు నడక ఉందనగా, బొబ్బిలి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దమ్మ ఒకావిడ పొయ్యి కట్టెల్లో సన్నవి ఏరి అందరికీ పంచింది. చీర కింద కొడుకు స్నీకర్లు వేసుకుని నడిచిన మనిషి.

"కోలాటమేద్దాం, లెగండి."

"కాళ్ళు బొబ్బలెక్కాయి పెద్దమ్మా!"

"సేతులు బాగానే ఉన్నాయి కదా!"

కుంటుతూనే లేచారు. కర్రల చప్పుడుకి పక్క ట్రైలర్‌లోని ముసలి అమెరికన్ దంపతులు బయటికొచ్చారు. గొడవగా ఉందంటారేమోనని భయపడ్డాను. ముసలాయన జేబులోంచి మౌతార్గాన్ తీసి పెద్దమ్మ పాట వెనకాలే వాయించడం మొదలుపెట్టాడు. చేలమీద మిణుగురులు లేచాయి. మసకవెలుతురులో ఎవరు ఎవరో తెలియడం లేదు, వలయం ఒకటే తిరుగుతోంది. నేను కుర్చీలో కూర్చుని గరిటెతో కంచం మీద తాళం వేస్తున్నాను.

లోపల ఎవరో వేలితో మెత్తగా తట్టినట్టయింది. గరిటె ఆగిపోయింది.

పెద్దమ్మ నా దగ్గరికొచ్చింది. "ఏటమ్మా, ఆపీసినావు?"

"కదిలింది పెద్దమ్మా. ఇదే మొదటిసారి."

నా పొట్టమీద చెయ్యి ఆనించి నవ్వింది. "తాళమేస్తంది సూడు!" అని మావారిని కేకేసింది. ఆయన కర్రలతోనే పరుగెత్తుకొచ్చాడు.

"నాకేం తెలియట్లేదే," అన్నాడు దిగులుగా.

"ఆగండి, మళ్ళీ కదులుతుంది."

ఆయన చెయ్యి తియ్యకుండా అలాగే మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మిగతావాళ్ళు మా చుట్టూ నెమ్మదిగా తిరుగుతూ ఆడారు. కాసేపటికి ఆయన తలెత్తి నా వైపు చూశాడు. తెలిసిందని నాకు అర్థమైంది.

సంగతేమిటని ట్రైలర్‌లోని ముసలావిడ అడిగితే ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నా భుజం నిమిరి, "రేపు నీ కారు నేను నడుపుతాను. చివరి మైలు నువ్వు వాళ్ళతో నడువు," అంది.

అన్నట్టే వచ్చింది. మర్నాడు కొండ ఎక్కేటప్పుడు పెద్దమ్మ నా ఒక మోచెయ్యి, మావారు ఇంకొకటి పట్టుకున్నారు. మేం ఆగినప్పుడల్లా వెనకాల వ్యాగన్ కూడా ఆగేది.