మామ టూళ్ళకు నా కళ్ళు

నస్పూర్‌లో మా మామగారి ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక పాత లేత్ మిషను ఉంది. బొగ్గుగనుల వర్క్‌షాపులో టర్నర్‌గా రిటైరయ్యాక ఆయన దాన్ని కొనుక్కున్నారు. చుట్టుపక్కల రైతుల మోటార్లకు బుష్‌లు చేసి ఇస్తారు. లేత్‌కు బిగించి ఇనుమును కోసే టూలు అంచు బాగుంటేనే పని బాగుంటుందని ఆయన పట్టుదల. ముందు దాన్ని బొటనవేలి గోరు మీద ఆనించి చూస్తారు. జారితే మొద్దుబారినట్టు, పట్టుకుంటే పదునున్నట్టు. ఆ తరువాత భూతద్దం.

అది మామూలు భూతద్దం కాదు. కంటికి ఆనించుకుని చూసే చిన్న గుండ్రటి డబ్బా. లోపల సన్నటి కొలత గీతలుంటాయి. టూలు అరిగినకొద్దీ అంచు కింద తళతళలాడే పట్టీ ఒకటి వెడల్పవుతూ పోతుంది. ఆ పట్టీ రెండు గీతల లోపుంటే పని నడుస్తుంది, మూడో గీత దాటితే సాన పట్టాల్సిందే. మామ చూపు మందగించింది. శుక్లాలు తీయించినా లోపలి పొర బాగాలేదన్నారు డాక్టర్లు. అప్పటి నుంచి ఆ గీతలు ఆయనకు కనబడలేదు. ఆయనకు కళ్ళు నేనయ్యాను. ప్రతి ఆదివారం చొప్పదండి నుంచి బస్సెక్కి పోయేవాణ్ణి. ఆయన టూళ్ళు ఒక్కొక్కటే అందిస్తూ "ఎన్ని గీతలు, అల్లుడా?" అని అడిగేవారు. నేను చెప్పిందే వేదం. పెద్దల్లుడిగా ఆ ఇంట్లో నాకు దక్కిన మర్యాదలన్నిటిలోకీ అదే నాకు ఇష్టం.

మొన్న దసరాకు నా సడ్డకుడు, అంటే మా మరదలి భర్త, కాగజ్‌నగర్ నుంచి వచ్చాడు. అక్కడ అతనికి సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. ఒక స్టాండు, దానికి బిగించిన కెమెరా తెచ్చాడు. వైరు టీవీకి తగిలిస్తే, కెమెరా కింద పెట్టిన వస్తువు తెర నిండా కనిపిస్తుందట. బటన్ నొక్కితే కొలత గీతలు కూడా వస్తాయట. మామ ముఖం వెలిగిపోయింది. నాకు ఒళ్ళు మండింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అన్నారా? ఎప్పుడో పండక్కి వచ్చిపోయేవాడు ఒక్క కెమెరాతో నా చోటు లాక్కుంటున్నాడు. భోజనాల దగ్గర అత్తమ్మ మటన్ కూరలోని మూలుగ బొక్కను అతని పళ్ళెంలో వేయడం కూడా నా కళ్ళు దాటిపోలేదు.

తిన్నాక అందరం టీవీ ముందు కూర్చున్నాం. మామ తనకు అన్నిటికన్నా ఇష్టమైన టూలు తెచ్చారు. తెర మీద దాని అంచు ఎర్రగా, గోధుమరంగుగా, ఎలుకలు కొరికినట్టు కనిపించింది. సడ్డకుడు గీతలు తెప్పించి చూశాడు. ఐదు దాటింది.

"అంచు మొత్తం ఖరాబైంది, మామా. తుప్పు లోపలిదాక వోయింది," అన్నాడు.

ముందటి ఆదివారమే అది ఒక్క గీత కూడా అరగలేదని చెప్పింది నేను. మామ నావైపు తిరిగి చూశారు. ఆ చూపు నాకు గోరుచుట్టు మీద రోకటిపోటైంది.

తల దించుకుని మళ్ళీ ఎత్తి తెర వైపు చూశాను. అప్పుడు తట్టింది. ఆ పొద్దున ఆయుధపూజకు టూళ్ళన్నిటికీ బొట్లు పెట్టింది నేనే. రాలిపోకుండా కుంకుమను నూనెలో కలిపి పెట్టడం ఆ ఇంటి ఆచారం. సడ్డకుడు వచ్చేసరికి పూజ అయిపోయింది.

"తుప్పు గాదు తమ్మీ, పొద్దుగాల నేను వెట్టిన బొట్టు గది," అన్నాను. గొంతులో సంబరం దాచుకోలేదు. కిరోసిన్ గుడ్డతో అంచును శుభ్రంగా తుడిచి మళ్ళీ కెమెరా కింద పెట్టాను. సడ్డకుడు నాలుక కరుచుకుని హాయిగా నవ్వేశాడు. ఆ మంచితనం కూడా నాకు నచ్చలేదు.

ఇప్పుడందరూ నన్ను చూస్తారనుకున్నాను. ఎవరూ చూడలేదు. మామ లేచి టీవీ దగ్గరికి వెళ్ళారు. తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి, తళతళలాడే ఆ పట్టీ వెంట వేలు పోనిచ్చారు. అలవాటు కొద్దీ "ఎన్ని గీతలు" అని అడగబోయి ఆగిపోయారు.

"ఒక్కటి. ఒక్కటి గూడ నిండలే," అని ఆయనే చెప్పుకున్నారు. తెర మీంచి వేలు తీయకుండానే మళ్ళీ అన్నారు, "నా టూలు నేను జూడక రెండేండ్లాయె."

అత్తమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేనూ సంతోషించాల్సింది. కళ్ళల్లో నిప్పులు పోసుకుని కూర్చున్నాను. ఆయనకు అంత తేటగా కనబడేట్టు తుడిచిపెట్టింది నేనే మరి.

మర్నాడు బయల్దేరేటప్పుడు మామ భూతద్దం తెచ్చి నా చేతిలో పెట్టారు. దాని మీద నాకు ఎన్నేళ్ళ నుంచో ఆశ.

"నువ్వే వెట్టుకో, అల్లుడా. ఇగ ఐతారం ఐతారం తిప్పలువడి రాకు. పిల్లలతోని జర ఆరాంగ ఉండు."

ప్రేమగానే అన్నారు. కోపంగా అని ఉంటే ఒక మాట అనేసి తేలికపడేవాణ్ణి.

తరువాతి ఆదివారం ఇంట్లోనే ఉన్నాను. ఏమీ తోచక, ఉల్లిగడ్డలు కోసే కత్తిని తీసుకుని ఆ అద్దంలో అంచు చూశాను. నాలుగు గీతలు. చెబుదామని తల ఎత్తాను. అడిగినవాళ్ళెవరూ లేరు.