సత్తమ్మ ముక్కు

సత్తమ్మ ఇంటికి దారి అడగాల్సిన పని లేదు. చిట్యాల దాటి మట్టిరోడ్డు ఎక్కితే నీలగిరి తైలం వాసనే చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంది. నేను నల్గొండ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. ఏటా విద్యార్థుల్ని ఆమె తైలం తీసే బట్టీ దగ్గరికి తీసుకెళ్లేవాణ్ణి. క్లాసులో నేను వారం రోజులు మొత్తుకున్నా ఎక్కని పాఠం అక్కడ పావుగంటలో ఎక్కేది.

తెలంగాణ వచ్చిన ఏడాది పెట్టిన బట్టీ అది. పెద్ద ఇనుప డ్రమ్ములో నీలగిరి ఆకు కూరి, నీళ్లు పోసి, కింద మంట పెడుతుంది. ఆవిరి గొట్టంలోంచి చన్నీళ్ల తొట్టి మీదుగా పోయి, చల్లబడి, బొట్లు బొట్లుగా కారుతుంది. ఆ నీళ్ల మీద తేలేదే తైలం. క్వింటాలు ఆకుకు కిలో దిగడం గగనం. అందులో సినియోల్ అనే పదార్థం ఉంటుందని, మూసుకుపోయిన ముక్కుకు హాయినిస్తుందని, కఫాన్ని వదులు చేస్తుందని నేను చెబుతుంటే సత్తమ్మ తన గొప్పే చెబుతున్నట్టు మురిసిపోయేది. కడుపులోకి పోతే, అందులోనూ పిల్లలకు, ప్రాణం మీదికొస్తుందని మాత్రం నేనెప్పుడూ చెప్పలేదు. సిలబస్‌లో లేదు మరి. నా చదువు అంతవరకే.

పదేళ్లుగా ఆ ఆవిరి పీల్చీ పీల్చీ సత్తమ్మ ముక్కుకు తైలం వాసన అందడం మానేసింది. "మీరంత వాసన వాసన అంటరు సారూ, నాకైతే ఏం తెల్వది" అనేది. విద్యార్థులు నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను.

ఊళ్లోవాళ్లు ఆవిరి పట్టుకోవడానికి అడిగితే ఖాళీ దగ్గుమందు సీసాల్లో తైలం పోసి ఊరికే ఇచ్చేది. అలా నింపిన సీసా ఒకటి నిరుడు చలికాలంలో సత్తమ్మ ఇంట్లోనే అసలు దగ్గుమందు పక్కన గూట్లో చేరింది. అదే సీసా, అదే చీటీ.

ఆ చలికాలంలోనే ఒక మధ్యాహ్నం కోడలు సుచరిత పత్తి ఏరడానికి పోయింది. నాలుగేళ్ల మనవరాలు వర్షితకు దగ్గు ఆగడం లేదు. సత్తమ్మ సీసా తీసి, మూత నిండా పోసి తాగించింది.

"అవ్వా, మండుతాంది" అంది పిల్ల.

"మందు గట్లనే ఉంటది. మింగు బిడ్డా."

మింగింది. అవ్వ మాట వినే పిల్ల.

కాసేపటికి పిల్ల చేతులు వేలాడిపోయాయి, కళ్లు మూతలు పడ్డాయి. చేలోంచి సుచరిత పరుగెత్తుకొచ్చింది. ఆటోలో నల్గొండ దవాఖానకు తీసుకుపోయారు.

"ఏం తాగించిన్రు?" అని అడిగింది డాక్టరమ్మ.

"దగ్గుమందే మేడం. ఇంకేం తాగియ్యలే" అంది సత్తమ్మ.

డాక్టరమ్మ పిల్ల నోటి దగ్గరికి వంగి చప్పున తలెత్తింది. "నీలగిరి తైలం గుప్పుమంటాంది కదమ్మా! నీకు తెలుస్తలేదా?"

సత్తమ్మ కూడా వంగింది. మనవరాలి పెదాల దగ్గర ముక్కు పెట్టి గట్టిగా పీల్చింది. ఆమెకు ఏ వాసనా తెలియలేదు.

కక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని కక్కించలేదు. ఆక్సిజన్ పెట్టి కనిపెట్టుకుని ఉన్నారు. మూడో రోజు వర్షిత కళ్లు తెరిచి అన్నం అడిగింది. సత్తమ్మ ఇంటికొచ్చి బట్టీ డ్రమ్ము బోర్లించేసింది.

నెల తర్వాత వెళ్లాను. సుచరిత అత్తను ఒక్క మాట అనలేదట. "మా ఇంట్ల బట్టలకు, గోడలకు అంతట గదే వాసన సార్. పిల్ల నోట్లకెళ్లి వస్తాందని నేను మాత్రం గుర్తుపట్టిన్నా?" అంది.

సత్తమ్మ గడపలో కూర్చుని కంచంలో పప్పన్నం కలుపుతోంది. "దవాఖానల ఏడుపు రాలే సారూ. ఇప్పటికీ వస్తలేదు. ముక్కు లెక్కనే లోపల గూడ ఏం తెలుస్తలేదు" అంది, ఎవరి సంగతో చెబుతున్నట్టు. ఆమె ముక్కు గురించి అప్పుడు నవ్వింది గుర్తొచ్చింది. నాకు సిగ్గేసింది.

ముద్ద చేసి మనవరాలి నోటి ముందు పెట్టింది. వర్షిత నోరు తెరవలేదు. అవ్వ మణికట్టు రెండు చేతులతో పట్టుకుని, ముద్దను ముక్కు దగ్గరికి లాక్కుని వాసన చూసింది. తర్వాతే తింది.

"ఎవ్వలు నేర్పలే సార్" అంది సుచరిత మెల్లగా.

సత్తమ్మ ఇంకో ముద్ద చేసింది. పిల్ల ముక్కుకు అందేంత దూరంలో చెయ్యి ఆపి, అలాగే పట్టుకుని కూర్చుంది.