గుమ్మానికి పూసిన సాస్

రాంగోపాల్‌పేట్ బేకరీలో ఎగ్ పఫ్‌తో ఇచ్చే టమాటా సాస్ ప్యాకెట్ చింపితే చాలు, ఆ పుల్లని వాసనకు ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది.

చిన్నప్పుడు సెలవులకు ఈజిప్ట్ వెళ్లాం. పిరమిడ్ లోపల వంగి నడవాల్సిన ఇరుకు దారిలో, ముందు నడుస్తున్న నాన్న వెనక్కి తిరిగి, "సండే స్కూల్లో ఐగుప్తు అని చదివినవ్ గదా, గిదే బిడ్డా అది!" అన్నాడు సంబరంగా.

అప్పటిదాకా నేను ఈజిప్ట్, ఐగుప్తు వేరువేరు దేశాలనుకున్నాను. ఐగుప్తులో గుమ్మానికి గొర్రెపిల్ల రక్తం పూయకపోతే, ఆ ఇంట్లో మొదట పుట్టినవాళ్లు చచ్చిపోతారని మా సండే స్కూల్ టీచర్ బైబిల్ కథ చెప్పింది. మా ఇంట్లో మొదట పుట్టింది నేనే. తమ్ముడికేం, హాయిగా కేరింతలు కొడుతున్నాడు.

హోటల్‌కు రాగానే ఫ్రెంచ్ ఫ్రైస్‌తో వచ్చిన సాస్ ప్యాకెట్లన్నీ చింపి గది గుమ్మానికి పూశాను.

"ఏందే గిది? జెర సుత బుద్ధి లేదా?" అని అమ్మ అరిచింది. నాన్న నవ్వుతూ తడిగుడ్డతో తుడవబోయాడు.

"వద్దు నాన్నా!" అంటూ ఆయన చేతిని పట్టుకుని వేలాడాను. నానమ్మకు మొదట పుట్టింది ఆయనే. ఆ మాట చెబితే భయపడతాడని చెప్పలేదు.