సోయా వద్దు, మీల్ మేకర్ పంపండి

అన్నం ముందు కూర్చున్న ఒక రైతుబిడ్డను, మీ నాన్న పంట అడవుల్ని మింగేస్తోందని ఎగతాళి చేశారు. ఆ మాట అన్నవాళ్ళ పళ్ళేల్లో ఉన్న కూర కూడా ఆ పంటదే. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

రెండేళ్ళ కిందటి వానాకాలం. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో నాది మెస్సు. పంజాగుట్ట వైపున్న ఒక లేడీస్ హాస్టల్‌కు రెండు పూటలా భోజనం పంపేవాణ్ణి. మా వృత్తిలో దీన్ని బల్క్ ఆర్డర్ అంటాం. మెనూ వాళ్ళది, వంట మనది. చపాతీ పిండిలో కాస్త సోయా పిండి కలపడం నాకు మొదటినుంచీ అలవాటు. చదువుకునే పిల్లలకు బలం కదా అని.

ఒకనాడు హాస్టల్ నడిపే సుజాతగారు ఫోన్ చేశారు. ఆమెది భీమవరం వైపు.

"బాబాయ్ గారూ, ఇక చపాతీలో సోయా కలపకండి. సోయా కోసం అడవులు కొట్టేస్తున్నారంట, మా పిల్లలు వీడియో చూశారు. మనవంతు మనం చెయ్యాలి కదండీ!"

"మరి బలానికేం పెట్టాలమ్మా?"

"దాని బదులు మీల్ మేకర్ కూర పంపండి. ఆదివారం చికెన్ ఎలాగూ ఉందిగా."

సోయా గింజల్లోంచి నూనె తీసేశాక మిగిలే పిండితో చేసేదే మీల్ మేకర్. కోళ్ళ దాణాలో పడేదీ ఆ పిండే. ఆ సంగతి చెప్పబోయేలోగా ఆమె ఫోన్ పెట్టేశారు. చెప్పింది వండి, మర్నాడు నేనే పట్టుకెళ్ళాను.

అందరూ లోపల తింటుంటే మెట్ల మీద లావణ్య ఒక్కతే కూర్చుని ఉంది. నిర్మల్ దగ్గర పల్లె. సాఫ్ట్‌వేర్ కోర్సు కోసం వచ్చింది.

"తినవా బిడ్డా?"

"ఆకలైతలేదు తాత. శనివారం ఊరికి పోతున్న. నాకీ కోర్సు వద్దు."

"ఏమైంది?"

"మా నాయిన సోయ ఏస్తడని చెప్పిన. గంతే. 'ఓహో, అడవులు కొట్టే బ్యాచా' అని అందరు నవ్విన్రు. మా నాయిన దినాం చేన్ల సస్తుంటె గట్లంటరా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. గరిటె పట్టుకునే లోపలికి వెళ్ళాను.

"ఎవరమ్మా ఆ మాట అన్నది? ముందు మీరు తినేదేందో చెప్పున్రి."

"మీల్ మేకర్, తాతయ్యా."

"మీల్ మేకర్ ఏ చెట్టుకు కాస్తది?"

ఒకమ్మాయి "పుట్టగొడుగు లాంటిదేమో" అంది. అందరూ కిసకిసలాడారు.

"అది సోయ! మీరు ఆదివారం నమిలే కోడి తిన్నది సుత గదే! అడవిని మస్తు కాపాడుతున్నరు పో!"

హర్షిత అనే అమ్మాయి చెంచా కింద పెట్టింది.

"నేనే అన్నాను తాతయ్యా. సరదాకి అన్నాను. ఇది సోయా అని నిజంగా తెలీదు. కానీ ఎక్కడో అడవులు కొట్టేస్తున్న మాట అబద్ధం కాదు."

"కాకపోవచ్చు. ఈ పిల్ల నాయిన ఏ అడవి కొట్టిండు? తాతల నాటి రేగడి దున్నుకుంటుండు."

హర్షిత పళ్ళెం పక్కకు జరిపింది. లేచి వెళ్ళి మెట్ల మీద లావణ్య పక్కన కూర్చుంది. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. కాసేపటికి ఇద్దరూ లోపలికొచ్చి ఒకే బల్ల దగ్గర తిన్నారు. శనివారం లావణ్య బస్సెక్కలేదు.

నా కోపం మాత్రం చల్లారలేదు. మా మేనత్త ఊరు నిర్మల్ వైపే. చిన్నప్పుడు అక్కడి చేలల్లో జొన్న, జొన్న సాళ్ళ నడుమ కంది, పక్కనే పెసర ఉండేవి. గింజ మనిషికి, చొప్ప పశువుకు. ఇప్పుడు వానాకాలంలో బస్సు కిటికీలోంచి చూస్తే ఈ కొస నుంచి ఆ కొసకు సోయానే. కలుపు తీసే కూలీలు కనబడరు, మందు కొట్టే పంపులు కనబడతాయి. హర్షిత ఎక్కడో అడవి గురించి అన్న మాట నన్ను మా అత్త చేను దాకా తీసుకెళ్ళింది. ఆ జొన్న ఏమైపోయింది? అడిగిన ప్రతివాడూ కాలం మారిందనేవాడు. అదొక జవాబా!

దసరా ముందు లావణ్య తండ్రి పోశెట్టి బిడ్డను చూడడానికి వచ్చి, మా మెస్సుకూ వచ్చాడు. కడుపునిండా పెట్టాను. తిన్నాక ఊరుకోలేక నిలదీశాను.

"జొన్న ఎందుకు ఇడిసిపెట్టినవ్ పోశెట్టీ? ఎప్పుడు ఒక్కటే పంటేస్తె భూమి ఏం కావాలె? జర ఫికర్ లేదా?"

అతను కోపగించుకోలేదు. చేయి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ గోడ మీద నా మెనూ బోర్డు కేసి చూశాడు.

ఇప్పుడు ప్రతి గురువారం మా మెస్సులో జొన్నరొట్టె, కందిపప్పు. హాస్టల్‌కూ అదే వెళుతుంది. మొదట్లో సుజాతగారు "గట్టిగా ఉన్నాయండీ" అని సణిగారు, తర్వాత అలవాటు పడ్డారు. మీల్ మేకర్ మానలేదు, అది కూడా ఒక రైతు పంటే. చేలో ఏం మొలవాలో సగం నా పొయ్యి మీదే తేలుతుందని ఇన్నేళ్ళ వంటలో నాకు తట్టలేదు. పోశెట్టి ఆ రోజు ఇచ్చిన జవాబుతో తెలిసింది:

"జొన్న ఏస్తె పిట్టలు తింటున్నయి, అడవిపందులు తింటున్నయి. మనుషులే తింటలేరన్నా. నీ బోర్డు మీద సుత లేదు గద!"