పిల్లి గడ్డి తినదు కదా

మెంతులు మూడోసారి చల్లిన మర్నాడే మడి మధ్యలో గుంట తవ్వి, పని కానిచ్చి, మట్టి కప్పి పోయింది పక్కింటి పిల్లి. ఒళ్లు మండిపోయింది నాకు. సూర్యాపేటలో మా ఇంటి వెనక ఉన్నదే నాలుగు మడుల జాగా. మా ఆయనకు షుగర్, మెంతికూర లేనిదే ముద్ద దిగదు. బజారు కూర మీద ఏం మందులు కొడతారోనని నాకు భయం.

ఆ పిల్లిని ఆపడానికి చేయని పని లేదు. సీసాల్లో నీలిమందు నీళ్లు పోసి వేలాడదీశాను. వాటి పక్కనే కూర్చుని తీరిగ్గా కాళ్లు నాక్కుంది. తుమ్మకంప పరిచాను, నా కాలికే గుచ్చుకుంది. మా ఆయన పనిచేసేది మిర్యాలగూడ రైస్ మిల్లులో. అక్కడి నుంచి ఊక బూడిద బస్తా తెచ్చి పోశారు. మెత్తటి బూడిద దొరికేసరికి ఆ పిల్లి ఇంకో రెండింటిని వెంటబెట్టుకొచ్చింది. "మంచిగ పరుపేసి పిలిసినట్టయింది," అని ఆయన ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు.

పక్కింట్లో కిరాయికి ఉండే అమ్మాయిది కోదాడ. మిషన్ కుడుతుంది. భర్త లారీ డ్రైవరు, పదిహేను రోజులకోసారి వస్తే వచ్చినట్టు. నన్ను పిన్నీ అంటుంది. నా జాకెట్లన్నీ ఆమె కుట్టినవే. అయినా ఆ రోజు గోడ మీంచి నోటికొచ్చినట్టు అరిచాను.

"నీ పిల్లిని కట్టేసుకుంటవా, లేకుంటె నన్నే ఏదన్న జెయ్యమంటవా?"

"పిల్లిని ఎట్లా కట్టేస్తాం పిన్నీ? మా ఇల్లంతా గచ్చేనాయె. మట్టి కావాలంటే మీ దగ్గరికి రాక ఎక్కడికి పోతుంది చెప్పండి?"

నిజమే అన్నది. నిజమని తెలిసి ఇంకా కోపం వచ్చింది.

ఆ వారమే త్రిపురారంలో మా తమ్ముడు నారు పోస్తుంటే వెళ్లాను. నారుమడిలో పురుగుకు చల్లగా మిగిలిన గుళికల మందు సంచి అడుగున కొద్దిగా ఉంది. దాని ఘాటుకు కళ్లు మండాయి. ఈ వాసనకు పిల్లి చచ్చినా రాదనుకుని పొట్లం కట్టి ఇమ్మన్నాను. తమ్ముడు ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

"పైలం అక్కా. మేకలను గిట్ల అటు పోనియ్యకు. ఒక్క పరక తిన్నా ఖతమే."

మాది గొర్లు, మేకలు కాసిన ఇల్లు. మందు వేసిన చేలోకి జీవాల్ని పోనియ్యకూడదని నడక వచ్చిన దగ్గర్నుంచీ విన్నాను. మాకు ప్రమాదమంటే మేతే. సూర్యాపేట ఇంట్లో మేకల్లేవు. పిల్లి గడ్డి తినదు కదా! ఘాటు తగ్గాక మెంతులు మళ్లీ వేసుకోవచ్చని, తెచ్చిన మందంతా మడిలో చల్లేశాను.

మూడో రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి మా వెనక గేటు దగ్గర నిలబడింది. చేతుల్లో జాకెట్ గుడ్డలో చుట్టిన పిల్లి. మూతి దగ్గర నురగ ఎండిపోయి ఉంది. చూడగానే నాకు అర్థమైంది. పిల్లి కాళ్లు నాక్కుంటుంది. బూడిదలో తిరిగినా, బురదలో తిరిగినా వచ్చి కూర్చుని నాలుగు కాళ్లూ నాక్కుంటుంది. రోజూ చూస్తున్నదే, అప్పటిదాకా నా బుర్రకు తట్టనే లేదు.

"నిన్నటి చేపముక్క పెట్టాను పిన్నీ. పాడైందేమో, వాసనన్నా చూసుకోలేదు. నా చేతులతో నేనే చంపుకున్నాను." పొద్దుటి నుంచి ఏడుస్తున్నట్టుంది, గొంతు పోయింది. "మా గచ్చులో ఎక్కడ పెట్టను? మీ దగ్గర మట్టి ఉంది. ఓ మూల కాస్త చోటివ్వండి."

చెప్పాలి. కానీ చేపముక్క మీదికి పోయింది కదా, పోనీలే అనుకున్నాను. అవును, అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

పార తీసుకుని, మందు పడని మూల చూసి తవ్వడం మొదలుపెట్టాను. రాయి తగిలింది. నాలుగు పోట్లు వేసినా దిగలేదు. ఆమె నా అవస్థ చూసి, "ఇక్కడ మెత్తగా ఉంది పిన్నీ," అంటూ మెంతి మడి దగ్గర కూర్చుంది. పిల్లిని పక్కన పడుకోబెట్టి ఒట్టి చేతులతో మట్టి తోడసాగింది.

"చెయ్యి పెట్టకు! మందున్నది దాంట్ల!"

ఆమె చేతులు అలాగే ఆగిపోయాయి.

"ఏం మందు పిన్నీ?"

"గుళికల మందు. సచ్చిపోతదనుకోలె బిడ్డా. వాసనకు రాదనుకున్న."

కుళాయి దగ్గరికి తీసుకెళ్లి సబ్బు ఇచ్చాను. గోళ్ల సందుల్లో కూడా రుద్దుకుంది. కడిగిన చేతులే మళ్లీ కడిగింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. తుడుచుకోమని నేనిచ్చిన తువ్వాలు అందుకోలేదు.

"అయితే నా చేపముక్క కాదన్నమాట," అంది.

వెళ్లి పిల్లిని గుడ్డలో మళ్లీ సరిగ్గా చుట్టి ఎత్తుకుంది. నేను పార పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

"మీ మట్టి వద్దులెండి," అని గేటు దాటింది.

దాన్ని ఎక్కడ పెట్టిందో ఇప్పటికీ నాకు తెలియదు. అడిగే మొహం లేదు.