పులస పులుసులో వంటసోడా

పెళ్లయి ఏడాది తిరక్కుండానే అత్తవారింట నా పరువు పొంగి పొయ్యిలో పడింది. ఆ వైనం చెబుతాను, హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం ఆనాటి నన్ను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. దొరికితే చెంప పగలగొడదును.

తొంభైల చివర రాజమండ్రిలో ఓ దినపత్రికలో ఆరోగ్యం పేజీ దిద్దేవాణ్ణి. నాలుగు వ్యాసాలకు కామాలు పెట్టి, సగం డాక్టరునైపోయానని నమ్మిన మొనగాణ్ణి.

మామగారిది ద్రాక్షారామం పక్క ఊరు. ఆయన కిడ్నీలు మొరాయించి ఒంట్లో ఆమ్లం పెరిగింది. డాక్టరు బైకార్బొనేట్ మాత్రలు రాసి, చేపలు తగ్గించమన్నారు. గోదావరి మనిషికి అది యావజ్జీవ శిక్ష! బతిమాలగా బతిమాలగా, ఆ వరదల కాలానికి ఒక్క పూట పులసకు అనుమతి దొరికింది.

అత్తగారు ముందురోజే మట్టిదాకలో పులుసు కాచి ఉంచారు. మర్నాడు దాన్ని సన్నసెగ మీద పెట్టి పెరట్లోకి వెళ్లారు. ఆ విందుకని వచ్చిన నేను వంటింట్లోకి తొంగిచూశాను. చిక్కటి చింతపండు పులుసు! పులుపంటే ఆమ్లం. ఆమ్లానికి విరుగుడు బైకార్బొనేట్. అంటే వంటసోడాయే కదా! మేధావిని, ఆగుతానా? బజ్జీల కోసం దాచిన సోడా గరిటెడు కుమ్మరించాను.

దాక బుస్సుమంది. నురుగు అంచు దాటి, పొయ్యి ఆర్పి, వరదగోదారిలా గడప వైపు నడిచింది.

అత్తగారు పరుగున వచ్చారు. అల్లుడితో నేరుగా మాట్లాడరు కాబట్టి మామగారి మీద అరిచారు. "ఏవండీ! దాకలో ఏం పోశారో అల్లుడుగార్ని అడగండి!"

"ఏం పోశారండి?"

"సోడా అండి. మీ కిడ్నీల కోసం."

మామగారు గరిటె అంచు నాకి చూశారు. "సబ్బునీళ్లండి ఇవి! ఒక్క పూటండి నాకు! బుద్ధుందాండి మీకు?"

మా వైపు ఎంత కోపంలోనూ 'అండి' తగ్గదు. దెబ్బా తగ్గదు.

"పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. ఈయన్ని అమ్ముదామన్నా కొనేవాడెవడో అడగండి!" అన్నారు అత్తగారు.

"మొత్తం మీరే తినాలండి. ముక్క మిగిలిందో, ఊరుకోను!" మామగారి తీర్పు.

తిన్నాను. సాయంత్రానికి పొట్ట డప్పైంది. మామగారే తిట్టుకుంటూ ఆటో ఎక్కించి తన డాక్టరు దగ్గరికి లాక్కెళ్లారు. సంగతి విని డాక్టరూ భగ్గుమన్నారు.

"నోటికి పుల్లగా ఉన్నదల్లా రక్తంలో ఆమ్లం కాదయ్యా బాబూ! అరిగాక ఒంట్లో ఆమ్లం పెంచేది ఆ చేపలోని మాంసకృత్తులు! కిడ్నీలో సన్నటి గొట్టాలుంటాయి. వడపోతలో జారిన బైకార్బొనేట్‌ని అవి మళ్లీ రక్తంలోకి లాగుతాయి. ఆమ్లాన్ని మూత్రంలోకి తోసి, కొత్త బైకార్బొనేట్ పుట్టిస్తాయి. మీ మామగారి గొట్టాలు ఆ పనిలో వెనకబడ్డాయి, అందుకే కొలిచి మాత్రలిస్తున్నాను. పోయినవారం మీ పేపరుకి ఇదేగా రాసిచ్చాను!"

"స్థలం చాలక ఆ పేరా కోసేశానండి."

డాక్టరు తల పట్టుకున్నారు. మామగారు ముందుకు వంగారు. "మరి ఈయన మింగిన సోడా ఏమవుద్దండి?"

"ఈయన కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయి. ఎక్కువైన బైకార్బొనేట్‌ని మూత్రంలో పారబోస్తాయి."

"విన్నారాండి?" మామగారు డాక్టరుకి నన్ను వేలెత్తి చూపించారు. "ఏడాదంతా కాచుక్కూచున్న నా పులసని ఈయన దొడ్లో పారబోస్తారంట!"

గోదారి తల్లి సాక్షిగా ఆనాడే ప్రమాణం చేశాను. ఇక ఏ పేరా కోసినా పూర్తిగా చదివాకే కోస్తాను. అత్తవారి వంటింట్లోకి మాత్రం, దాహంతో నాలుక పిడచకట్టినా సరే, అడుగుపెట్టను.