చాయ్ మొలవని జాగలు

మేము చాయ్ తోటల్లో వాటాదారులం అంటే కరీంనగర్‌లో ఎవరూ నమ్మరు. నమ్మకపోవడమే మంచిది. నమ్మినవాళ్లు వెంటనే లాభం సంగతి అడుగుతారు. అప్పుడు మా ఇంట్లో ఒక్కొక్కరం ఒక్కో దిక్కు చూస్తాం.

మా ఊరు మానేరు మీద కట్టిన ప్రాజెక్టు కింద మునిగింది. ఊరు ఖాళీ చేసేటప్పుడు అందరూ ఇళ్ల దర్వాజలు, కిటికీలు, దూలాలు ఊడదీసుకుని ట్రాక్టర్లకెత్తారు. బాపు మాత్రం మా దర్వాజ మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. "దర్వాజ ఊడదీస్తే ఇల్లంటరా దాన్ని? మునిగితే ఇల్లే మునగనీ" అన్నాడు. మంచి టేకు దర్వాజ. అవ్వ, అంటే మా అమ్మ, చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు.

పరిహారం చేతికొచ్చింది. దానితో మళ్లీ భూమి కొనాలని బాపు చూడని ఊరు లేదు. కానీ మునిగిన ఊళ్లవాళ్లందరూ ఒక్కసారే డబ్బు పట్టుకుని బయల్దేరితే ధర కొండెక్కక ఏం చేస్తుంది? కరీంనగర్‌లో అన్న కట్టించిన ఇంట్లో, నున్నటి బండల మీద, బాపు పరాయి ఇంటికొచ్చిన చుట్టంలా కూర్చునేవాడు. నేను పక్క గల్లీలోనే ఉంటాను, సర్కారు బడిలో ఇంగ్లిషు చెబుతాను. సాయంత్రం బడి నుంచి వస్తూ చూస్తే గేటు పక్కన పూలమొక్క కోసం వదిలిన మూరెడు మట్టిలో కాళ్లు పెట్టుకుని కుర్చీలో కూర్చునేవాడు. "సచ్చేలోపల ఒక్కసారన్న నా భూమిల నేను నిలవడాలె బిడ్డా" అనేవాడు. ఆయనకు అంతకన్నా వేరే కోరిక లేదు.

అప్పుడు వచ్చాడు అన్న స్నేహితుడు. భైంసాలో పత్తి వ్యాపారి. ఎక్కడో ఆఫ్రికాలో ఒక చిన్న దేశం అప్పుడప్పుడే బయటివాళ్లకు తలుపులు తెరుస్తోందట. కొండభూములు పొడవాటి లీజుకిస్తోందట, చాయ్ ఫ్యాక్టరీ పెడతామంటే పన్నులు కూడా తగ్గిస్తోందట. ఆయన పది మందిని కూడగడుతున్నాడు. దేశం పేరు రాయను. రాస్తే ఆ దేశం మీద కోపమనుకుంటారు, నా కోపం దాని మీద కాదు.

"ముందుగాల పోయినోళ్లకే మంచి జాగలు దొరుకుతయి కాకా" అని ఆయన బాపుకు ఫోన్‌లో పచ్చటి కొండలు చూపించాడు. "గాడ ఏడాది పొడుగునా వానలే."

బాపు ఒక్కటే అడిగాడు. "భూమి ఖాళీదేనా?"

"ఖాళీదే. గడ్డి తప్ప ఏం లేదు."

"చాయ్ తాగుడు తెల్సు గని చాయ్ పండిచ్చుడు మనకేం తెల్సు?" అంది అవ్వ. "ఊరు నీళ్లల్ల పోయె. పైసలన్న ఉంచుకోరాదా." కానీ బాపు అప్పటికే ఆ కొండల్లో తిరుగుతున్నాడు. అన్న కూడా ఊ అన్నాడు. అన్నకు ఎరువుల దుకాణం ఉంది కాబట్టి ప్రపంచంలో ఏ రోగానికైనా ఎక్కడో ఒక బస్తా ఉంటుందని ఆయన నమ్మకం. ఎవరి వాటా భూమి వారిది, అందులో ఏం చేయాలన్నా వారి మాట కావాలి, ఆకు మాత్రం అందరిదీ ఒకే ఫ్యాక్టరీకి. ఒప్పందం అదీ.

మొక్కలు మోకాలెత్తు పెరిగాక బాపు చూడాలన్నాడు. అన్నకు దుకాణం తీరిక లేదు. ఇంగ్లిషు వచ్చిన పాపానికి నేను వెంట వెళ్లాను.

అక్కడ చలి. పొద్దున మంచు కొండ మీద నుంచి దిగి మోకాళ్ల దాకా కమ్మేస్తుంది. బాపు ధోవతి మీద స్వెట్టర్ వేసుకుని, మంకీ టోపీ పెట్టుకుని, చాయ్ వరుసల మధ్య అల్లుడి ఇంటికి పోయినట్టు ముసిముసిగా నవ్వుకుంటూ నడిచాడు. ఊరు మునిగాక ఆయన అలా నవ్వడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. ఇంత దూరం వచ్చినా సరే, ఈ మనిషికి కాలు పెట్టుకునే జాగ దొరికింది కదా అనుకున్నాను.

మా వాటా ఏటవాలు దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగిపోయాడు. పచ్చటి మొక్కల మధ్య అక్కడక్కడ గుండ్రంగా పసుపుపచ్చటి జాగలున్నాయి. ఒక్కొక్కటి ఒక గదంత. వాటిలో చాయ్ మొక్కలు జానెడు పెరిగి, ఆకు మాడిపోయి నిలబడ్డాయి. చుట్టూ ఉన్న మొక్కలకు ఏ రోగమూ లేదు. బాపు కూర్చుని ఆ మట్టి పిడికిట్లోకి తీసుకుని నలిపాడు. బూడిదరంగు మట్టి. అందులోంచి ఒక కుండపెంకు బయటపడింది.

"పాటి మన్ను బిడ్డా" అన్నాడు.

మా దగ్గర ఊరు పాడుబడ్డ జాగను పాటి అంటారు. తరాల తరబడి పొయ్యిల్లోని బూడిద, పశువుల పెంట, గోడల మన్ను కలిసిన నేల అది. ఎండకాలంలో రైతులు ఆ మట్టి బండ్లకెత్తి పొలాలకు తోలుకుంటారు, ఎరువు కన్నా బలం. మా ఊరి పక్కనే ఒక పాటిగడ్డ ఉండేది. బాపు పుట్టి పెరిగింది ఆ మట్టి తోలిన పొలాల తిండి మీదనే. ఆ గడ్డ మీద ఒకప్పుడు ఎవరుండేవాళ్లో మేము ఏనాడూ అడగలేదు.

మేనేజరు అస్సాం నుంచి వచ్చినతను, మర్యాదస్థుడు. దాచలేదు. ఇక్కడ గుడిసెలుండేవి, పొయ్యిల బూడిదతో ఆ నేల చవుడు బారింది, చాయ్‌కి పులుపు నేల కావాలి, గంధకం వేస్తూ పోతే కొన్నేళ్లలో ఆ మచ్చలు పోతాయి, ఇలాంటివి అన్ని తోటల్లోనూ ఉంటాయి అన్నాడు. నేను ఒక్కో మాటా తెలుగులో చెప్పాను. గుడిసెల్లోవాళ్లు ఏమయ్యారని బాపు అడిగించాడు. రోడ్డు పక్కన సెటిల్ చేశారని మేనేజరు అన్నాడు. ఆ ముక్క నేను తెలుగు చేయాల్సిన పని పడలేదు. మాకు ఊరు ఖాళీ చేయించినప్పుడు అందరూ వాడిన మాటే అది.

తిరిగి వచ్చేటప్పుడు ఆ రోడ్డు మీదుగానే వచ్చాం. రేకుల ఇళ్లు వరసగా ఉన్నాయి, తలుపుల మీద రంగుతో నంబర్లు. మునిగిన మా ఊరివాళ్లకు సర్కారు ఇచ్చిన కాలనీలోనూ అంతే, అదే ఎర్ర రంగు. ఒక తలుపులో ఒక ఆడమనిషి నిలబడి మా బండి వైపు చూసింది. బాపు దండం పెట్టాడు. ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

మరునాడు ఆయన మళ్లీ ఆ ఏటవాలుకు వెళ్లాడు. మచ్చల మధ్య తిరిగాడు కానీ ఒక్కదానిలోనూ అడుగు పెట్టలేదు. ప్రతిదాని అంచు పట్టుకుని చుట్టూ నడిచాడు. నేను అడ్డంగా నడవబోతే రెక్క పట్టుకుని ఆపాడు. "పిలవనిది ఒకరింట్లకు పోతమా?"

ఇంటికి వచ్చాక మొదలైంది. బడి లేని రోజు నేను అన్న ఇంట్లో ఉంటే, మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చినవాడు దిగ్గున లేచి కూర్చునేవాడు. "దర్వాజ తియ్యి బిడ్డా. ఎవలో నిలవడ్డరు." తీసి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. మొదట్లో ఆయన మాట తీసెయ్యలేక తీసేదాన్ని. "ఎవరొచ్చారు బాపు, పాలవాడా, చాయ్ తోట మేనేజరా?" అని ఆటపట్టించేదాన్ని కూడా. చెప్పడానికి సిగ్గుగానే ఉంది, తర్వాత తర్వాత గొళ్లెం మీద చెయ్యి వేసి, బయట చప్పుడేమన్నా ఉందా అని నేనూ చెవి పెట్టేదాన్ని. ఒకవేళ నిజంగా ఎవరైనా నిలబడి ఉంటే వాళ్లకు ఏ భాషలో రమ్మని చెప్పాలి?

ఎండకాలం ముదిరితే ప్రాజెక్టులో నీళ్లు వెనక్కి పోయి మా ఊరి గోడలు బయటపడతాయి. బాపు ఏటా వెళ్లేవాడు, నేను తీసుకెళ్లేదాన్ని. అవ్వ వచ్చేది కాదు. "సొంతింటికి చుట్టపుచూపుగ పోతమా" అనేది. నేను ఫోటోలు తీసుకొస్తే మాత్రం ఫోన్ కళ్లకు ఆనించుకుని చూసేది. "మనిల్లు ఏది?" నేను వేలు పెట్టి చూపేదాన్ని. టేకు దర్వాజ మొదటి వానాకాలానికే కూలి కొట్టుకుపోయిన సంగతి ఆమెకు మేమెవరం చెప్పలేదు.

ఆ ఏడు వెళ్లేసరికి మా ఇంటి జాగలో తర్బూజ తీగలు పారి ఉన్నాయి. అవతలి ఒడ్డు ఊరి మనిషి ఒకాయన, భూమి లేనివాడు, నీళ్లు తగ్గిన నేలలో పంట వేసుకున్నాడు. మా వంటింటి జాగలో, కొట్టం జాగలో తీగ కనిపించనంతగా కాయలు.

"గీడనే గింత బాగ ఎందుకు కాసింది?" అని బాపు ఏమీ తెలియనట్టు అడిగాడు.

"పాత ఇండ్ల జాగ గద పటేలా. బూడిద, పెంట కలిసిన మన్ను. ఏది ఏసినా కాస్తది."

"ఎవలిండ్లు?"

"ఏమో. మునిగినోళ్లయి."

"మునిగినోన్ని నేనే. నువ్వు నిలవడ్డది మా వంటిల్లు."

ఆ మనిషి చటుక్కున రెండడుగులు వెనక్కి వేశాడు. మేము కొట్లాటకు రాలేదని అర్థమయ్యాక వంగి, అన్నిటికన్నా పెద్ద కాయ తెంపి బాపు చేతుల్లో పెట్టాడు. బాపు జేబులో చెయ్యి పెట్టబోతే ఒప్పుకోలేదు. "మీ ఇంట్ల కాసినదానికి మీ దగ్గర పైసలెట్ల తీస్కుంట పటేలా?"

వచ్చేటప్పుడు ఆటోలో ఆ కాయ బాపు ఒళ్లోనే ఉంది. సగం దూరం వచ్చాక అన్నాడు, "గీయనకు గుంట జాగ లేదు. అయినా పండు చేతుల పెట్టిండు. మనం గక్కడ ఎవలకన్న కప్పు చాయ్ పోసినమా బిడ్డా?"

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో నాకే తెలియదు. "చాయ్ పోస్తే వాళ్ల ఊరు తిరిగొస్తదా బాపు?" అన్నాను.

"రాదు" అన్నాడు. "మనకు రాలే గద."

అవ్వ ఆ పండు కోసి అందరికీ పెట్టింది. ఏ జాగలోదో చెప్పాక తన ముక్క చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత తిన్నది.

ఆ వారమే అన్న గంధకం మాట ఎత్తాడు. భైంసా ఆయన ఫోన్ చేశాడట, అందరూ వేస్తున్నారట, మేమొక్కరమే మిగిలామట.

"వద్దు" అన్నాడు బాపు.

"మచ్చలు పోతే ఆకు ఎక్కువొస్తది బాపు. గంధకమేం మనకు తెల్వంది కాదు."

"గవి పోతే, గక్కడ ఇండ్లుండెనని ఎవలు చెప్తరు?"

"అయితే అమ్మేద్దాం. నీకింత పరేషాన్ ఎందుకు?"

"అమ్మితే కొన్నోడు ఏస్తడు" అన్నాడు బాపు. అన్న దగ్గర దానికి బస్తా లేదు.

భూమి కావాలని అంత తపించిన మనిషి చివరికి ఆ భూమిని ఉంచుకోవడమూ చాతకాక, వదులుకోవడమూ చాతకాక దానికి కాపలా ఉండిపోయాడు. మళ్లీ వెళ్లి నిలబడాలని ఒక్కసారి కూడా అనలేదు. ఏటా తోట నుంచి వచ్చే చాయ్‌పత్త డబ్బాను పై అరలో పెట్టించేవాడు, విప్పనిచ్చేవాడు కాదు. ఎవరి కోసమో అడిగితే చెప్పేవాడు కాదు. పోయిన చలికాలంలో ఆయన పోయాడు. ఆ డబ్బాలు అలాగే ఉన్నాయి. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక ఇప్పుడు తలుపు దగ్గర ఎవరో నిలబడ్డట్టు నాకు అనిపిస్తోంది. లేచి తీసి చూస్తున్నాను.

మొన్న ఆదివారం అన్న నన్ను పిలిపించాడు. ఫోన్‌లో ఫోటో చూపించాడు. తోటను పైనుంచి తీసింది. కొండంతా ఒకటే పచ్చదనం, అందరి మచ్చలూ మాసిపోయాయి. మా ఏటవాలు మీద మాత్రం పసుపుపచ్చటి గుండ్రాలు అలాగే ఉన్నాయి. అక్కడ ఊరుండేదని చెప్పడానికి ఇప్పుడు అదొక్కటే మిగిలింది.

"బాపు పోయిండు. ఇంక ఎవలి కోసం చెల్లె?" అన్నాడు అన్న. "నువ్వు ఊ అంటే ఈ వానలకు గంధకం ఏపిస్త."

నేను ఏదో అనేలోపే అవ్వ వచ్చి అన్న చేతిలోంచి ఫోన్ తీసుకుంది. కంటి ఆపరేషన్ అయినా ఆమెకు చూపు సరిగా ఆనదు. ఎండకాలం కదా, ఎప్పటిలా మా ఊరి ఫోటో అనుకుంది.

"ఈసారి నీళ్లు మస్తు తగ్గినయి" అని ఫోన్ కళ్లకు ఆనించుకుంది. "ఇండ్లన్ని బయటపడ్డయి. మనిల్లు ఏది కొడుకా?"

అన్న నా వైపు చూశాడు. ఏటా వేలు పెట్టి చూపింది నేనే. ఈసారి ఆమె అడిగింది ఆయన్ని. ఆయన వంగి, ఒక పసుపుపచ్చటి గుండ్రం పక్కన వేలు పెట్టాడు.

"గిదే అవ్వా."

"దర్వాజ తెర్సున్నదా, ఏసున్నదా?"

అన్న వేలు తియ్యకుండా ఆ గుండ్రాన్నే చూశాడు. "తెర్సే ఉన్నది" అన్నాడు. తర్వాత గంధకం మాట ఎత్తకుండా లేచి దుకాణానికి వెళ్లిపోయాడు.